వెనక్కి బాణం

ఫిబ్రవరి 3, సోమవారం

ఎట్టకేలకు అక్క టాబ్లెట్‌లో యాప్ పెట్టి ఇచ్చాను. మొదటి తెర మీద ఇరవై నాలుగు బొమ్మలు. ఏ బొమ్మ నొక్కితే దాని తెర తెరుచుకుంటుంది, బొమ్మ పెద్దదై కనిపిస్తుంది, గొంతు ఆ మాట పలుకుతుంది. కింద 'మొదటికి' అని ఒక మీట, పైన మూలన వెనక్కి బాణం. ఇంతకంటే సులువుగా చేయడం నా వల్ల కాలేదు. ఆఫీసులో పదకొండేళ్ళుగా నేను చేసే పని ఇదే మరి. ఒక తెర మీంచి ఇంకో తెర మీదికి మనిషి దారి తప్పకుండా వెళ్ళాలి, తప్పకుండా వెనక్కి రావాలి. ఎవరెవరి యాప్‌లకో దారులు వేశాను. మెదడులో ఆ రక్తపు గడ్డ అక్క మాటనీ కుడిచేతినీ పట్టుకుపోయి రెండు నెలలైతే, అక్కకి దారి వేయడానికి ఇప్పుడు తీరిక దొరికింది. బాగుంది సంబడం.

గొంతు నాదే పెట్టాను. ఫోన్ ఎత్తింది అక్కో నేనో బావ కూడా పోల్చుకోలేకపోయేవాడు. అక్కే మాట్లాడినట్టు ఉంటుంది కదా అనుకున్నాను. కానీ వినేటప్పుడు ఒళ్ళు జలదరించింది. అక్క వేలు నొక్కుతోంది, నేను పలుకుతున్నాను.

నా బొమ్మగా పిచ్చుకను గీసి, 'పిచ్చుక' అనే పలికాను. అక్క నన్ను ఏనాడు పేరు పెట్టి పిలిచింది కనక.

బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. డ్యూటీ దిగి యూనిఫాంతోనే అక్కని ఉంచిన పునరావాస కేంద్రానికి వచ్చేస్తాడు, అక్క మంచం పక్కన కింద పడుకుంటాడు. అక్క 'నీళ్ళు' నొక్కిందో లేదో, "నీళ్ళా? వేడివా? చల్లనివా? మందులకా? ఆఁ, మందులకే!" అని నాలుగు ప్రశ్నలూ తనే వేసి జవాబూ తనే చెప్పేశాడు. అక్క కళ్ళు మూసుకుంది.

"చూశావా, ఎంత బాగా అర్థమైందో!" అన్నాడు బావ.

ఫిబ్రవరి 4

వెళ్ళలేదు. ఆఫీసులో పని.

ఫిబ్రవరి 6

పది నిమిషాలు వెళ్ళొచ్చాను. టాబ్లెట్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూశాను. చేస్తోంది.

అక్క దాన్ని తెగ నొక్కుతోంది. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే లోపల్నించి నా గొంతు వినిపించింది. "కూర్చో. చాలు. పని. పిచ్చుక." తలా తోకా లేదు. 'కూర్చో' బొమ్మ నేను పెట్టింది మంచం మీద లేపి కూర్చోబెట్టమనడానికి. 'చాలు' అన్నానికి. 'పని' బావ డ్యూటీకి వెళ్ళాడని చెప్పడానికి. మూడూ కలిపి నా నెత్తిన పెట్టింది. నేను పక్కకెళ్ళి నిలబడగానే వెనక్కి బాణం మీద వేలు పెట్టి, నా మొహంలోకి చూసింది. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. బయటికి వచ్చి మాట్లాడి, బ్యాగు తీసుకోవడానికి మాత్రమే మళ్ళీ లోపలికి వెళ్ళాను.

అప్పటికి బావ డ్యూటీ దిగి వచ్చాడు. పెద్ద డాక్టరమ్మ కూడా వచ్చి, నడవలో కాదు, గదిలోనే, అక్క ముందే చెప్పింది. పద్దెనిమిదో తారీఖున అక్క పరిస్థితి చూసి నిర్ణయిస్తారట. మాట నేర్పడం వల్ల లాభం ఉందనిపిస్తే ఇంటికి పంపిస్తారు, థెరపిస్ట్ ఇంటికే వస్తుంది. లేదంటే పై అంతస్తు, ఇక అక్కడే ఉంచేస్తారు.

పై అంతస్తు నేను చూశాను. శుభ్రంగానే ఉంటుంది. వేళకి తినిపిస్తారు, పక్కలు మారుస్తారు. అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.

"ఆవిడ నొక్కుతున్నారు, నిజమే," అంది డాక్టరమ్మ. "నొక్కడం వేరు, చెప్పడం వేరు. అసలు లోపల ఎవరైనా ఉన్నారా అన్నది మాకు తెలియాలి కదండీ." మంచి మనిషే. కానీ ఆ మాట అక్క వింటుండగా అనాలా?

"పై అంతస్తుకి తీసుకెళ్తే ఆ లిఫ్టు నేనే చెడగొడతా," అన్నాడు బావ డాక్టరమ్మ వెళ్ళాక. నవ్వించాలని చూశాడు. నవ్వాను.

ఫిబ్రవరి 7

థెరపిస్ట్ ఫోన్ చేసింది. చిన్నపిల్ల, గొంతులో ఇంకా కాలేజీ వాసన పోలేదు. సాయంత్రమయ్యేసరికి టాబ్లెట్ నత్తలా నడుస్తోందట, ఒక్కోసారి ఆగిపోతోందట. ఆగిపోయినప్పుడల్లా అక్క మంచం కమ్మీని గుద్దుతోందట.

నా కోడ్ తెరిచి చూస్తే సిగ్గుతో చచ్చిపోయాను. పనిలో చేరిన కొత్తవాళ్ళు చేసే తప్పు. తెరలు కంచాల దొంతర లాంటివి. కొత్త తెర తెరిస్తే పాతదాని మీద కూర్చుంటుంది, వెనక్కి బాణం నొక్కితే పైది పోయి కిందిది కనిపిస్తుంది, దాని మాట మళ్ళీ పలుకుతుంది. 'మొదటికి' నొక్కినప్పుడు మధ్యలో ఉన్నవన్నీ తీసేసి అడుగున ఉన్న మొదటి తెరని చూపించాలి. నేనేం చేశాను? ఏదీ తీయకుండా, ఇంకో కొత్త మొదటి తెర తెచ్చి అన్నిటి మీదా పెట్టాను. చూసేవాళ్ళకి తేడా తెలియదు. కింద మాత్రం అక్క పొద్దున్నించి నొక్కిన ప్రతి తెరా అలాగే పడి ఉంటుంది, ఒకదాని మీద ఒకటి. టాబ్లెట్ మోయలేక చతికిలబడుతోంది.

ఊరందరికీ దారులు వేసిపెట్టే దాన్ని, సొంత అక్క దగ్గర ఇలా. ఆదివారం సరిచేస్తాను.

ఫిబ్రవరి 8

పది నిమిషాలు. మళ్ళీ అదే పాట, "కూర్చో, చాలు, పని, పిచ్చుక." తర్వాత ఇంకేవో. "ఇల్లు. నిద్ర. ఆయన."

బావతో అక్కకి పెద్ద యుద్ధమే నడుస్తోంది. బావ రాత్రి పడుకోబోయే ముందు టాబ్లెట్‌లో తెరిచి ఉన్నవన్నీ మూసేస్తాడు, ఛార్జింగ్ మిగులుతుందని. "డ్యూటీ అయ్యాక లిఫ్టుని కింది అంతస్తులో వదిలి రావాలి, అది పద్ధతి," అంటాడు. పొద్దున్నే అక్క లేచి చూసుకుని ఏడుస్తుంది. ఇప్పుడు టాబ్లెట్‌ని దిండు కింద పెట్టుకుని, దాని మీదే తల పెట్టి పడుకుంటోందట.

"చంటిపిల్ల అయిపోయింది మీ అక్క," అన్నాడు. వేషాలు తొడిగే పనిలో ఉంటూనే నాటకాల కంపెనీ మొత్తాన్ని కనుచూపుతో ఆడించిన మనిషిని పట్టుకుని చంటిపిల్ల అంటే గుండె కలుక్కుమంది. కాదని మాత్రం నేనూ అనలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

సరిచేశాను. పెట్టి ఇచ్చాను. 'మొదటికి' నొక్కితే నిజంగా మొదటికే వెళ్తుంది, కింద చెత్త ఏమీ లేదు. వెన్నలా నడుస్తోంది. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

అక్క దగ్గర కూర్చుందామనే అనుకున్నాను. యాప్ పెట్టడానికే టైం సరిపోయింది.

ఫిబ్రవరి 10

టాబ్లెట్ విసిరికొట్టిందట. గాజు మూల చిట్లింది. పనిచేస్తోంది.

ఫిబ్రవరి 11

ముట్టుకోలేదట.

ఫిబ్రవరి 12

ముట్టుకోలేదట. అన్నం కూడా సరిగ్గా తినలేదట. థెరపిస్ట్ మెల్లగా అడిగింది, "ఏమైనా మార్చారా మేడం?" ఉన్న తప్పు తీశానమ్మా, అంతకుమించి ఏమీ మార్చలేదు అన్నాను. చాలా మర్యాదగా "సరే మేడం" అంది. ఆ మర్యాదకి ఒళ్ళు మండింది.

ఫిబ్రవరి 13, గురువారం

గబగబా రాస్తుంటే అక్షరాలు ఎటో పోతున్నాయి. అయినా పూసగుచ్చినట్టు రాయాలి. మళ్ళీ నేనే నమ్మకపోవచ్చు.

మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళాను. అక్క నన్ను చూసి మొహం గోడకి తిప్పుకుంది. టాబ్లెట్ తీసి "చూడవే, ఇప్పుడు ఎంత త్వరగా వస్తుందో" అని బొమ్మలు నొక్కి చూపించాను. 'మొదటికి' నొక్కాను. అక్క ఎడమచెయ్యి చాచి వెనక్కి బాణం నొక్కింది. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ. నా వైపు చూసింది. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, 'ఎంత మొద్దువే నువ్వు' అనే చూపు. రెండు నెలలుగా ఆ చూపు కోసం నేను మొహం వాచి ఉన్నానని అప్పుడే తెలిసింది.

అక్క లేచింది. కర్ర పట్టుకుని అలమరా దాకా కుంటుతూ వెళ్ళి, బావ శాలువా లాగి నా మీద పడేసింది. కప్పుకోమని సైగ చేసింది. నాకు చలేస్తోందనుకుంటోందేమోనని, "నాకేం చలి లేదే" అన్నాను. వినదే! ఎడమచేత్తో అంచులు లాగి, మెడ దగ్గర సర్ది, శాలువా కప్పింది. దాని మీద తన స్వెట్టర్ తొడిగింది. ఒక్క చేత్తోనే, నా మోచేతులు ఎక్కడెలా మడవాలో తట్టి చెబుతూ. దాని మీద బావ యూనిఫాం చొక్కా. నేను గుమ్మడికాయలా తయారయ్యాను. ఆ వేళ్ళు గుండీలు పెట్టడం చూస్తే అక్కది పుట్టుకనుంచీ ఎడమచేతి వాటమేనేమో అనిపించింది.

అక్క వెనక్కి జరిగి చూసుకుంది, వేషం కుదిరిందో లేదో చూసుకున్నట్టు. అప్పుడు బాణం గుర్తులాగా వేలు ఎడమవైపు చూపించి, నా ఒంటి మీది యూనిఫాం చొక్కా లాగేసింది. స్వెట్టర్ బయటపడింది. మళ్ళీ వేలు ఎడమవైపు. స్వెట్టర్ లాగేసింది. శాలువా. మళ్ళీ వేలు. శాలువా. చివరికి నేను.

మళ్ళీ మొదలుపెట్టి మొత్తం తొడిగింది. మళ్ళీ విప్పింది.

రెండోసారి స్వెట్టర్ తల మీంచి పోతున్నప్పుడు, ఆ చీకట్లో, నాకు మేకప్ గది గుర్తొచ్చింది. ఒకే నటుడు మొదట రాజు, తర్వాత బిచ్చగాడు, చివర ఖైదీ. మధ్యలో వేషం మార్చుకోవడానికి టైం ఉండదు. అందుకని అక్క ముందే ఖైదీ బట్టలు తొడిగి, దాని మీద బిచ్చగాడివి, దాని మీద రాజువి వేసి పంపేది. స్టేజి పక్కన నిలబడి ఒక్కో పొర ఒక్క గుంజుతో లాగేసేది. "చివరి వేషం ముందు తొడగాలే పిచ్చుకా. అందరూ ఇక్కడే తప్పు చేస్తారు." ఎన్నిసార్లు చెప్పిందో.

చివరి వేషం ముందు తొడగాలి.

దేవుడా! అక్క నొక్కింది పిచ్చి నొక్కుళ్ళు కావు. వెనక నుంచి ముందుకి వాక్యం తొడిగింది. చివరి మాట ముందు, మొదటి మాట చివర. ఒక్కో బొమ్మ వెతుక్కోవడానికి తనకి ఎంత సేపు పడుతుందో నేను చూశాను. ఎదుటివాళ్ళు అంతసేపు ఆగరు. మొదటి మాట వినగానే బావ మిగతాదంతా తనే చెప్పేస్తాడు. నేను అసలు నిలబడనే నిలబడను. అందుకని ఎవరూ లేనప్పుడు తీరిగ్గా తెర మీద తెర తొడిగి ఉంచుకుని, మనిషి రాగానే బాణం నొక్కితే చాలు, పొరలు పొరలుగా ఊడి మాటలు వరసగా బయటికి రావాలి. నా తప్పు తెరలన్నిటినీ తీసేయకుండా పోగేసి ఉంచింది కనక అది కుదిరింది. తొడిగేటప్పుడు మాత్రం మాకు వెనకనుంచి ముందుకి వినిపించేది. మేం దాన్ని పిచ్చి కింద జమకట్టాం.

'నీళ్ళు' అన్న మాట నోటితో పలకలేని మనిషి, మాటల్ని తలకిందులుగా పేర్చి గుర్తుపెట్టుకుంది. రాత్రి బావ మూసేస్తే పొద్దున్నే మళ్ళీ మొదటినుంచి పేర్చింది. ఆ తప్పు నేను సరిచేశాను. అంటే అక్క నోట్లో గుడ్డలు కుక్కాను.

"అక్కా, తెలిసిందే. తెలిసింది. నేను మొద్దునే," అన్నాను. అక్క నా నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసింది. గట్టిగానే.

ఫిబ్రవరి 14

పాతదే పెట్టి ఇచ్చాను, తప్పుతో సహా. ఆఫీసులో మా టీమ్ పెద్దాయనకి చెబితే, వాక్యం కూర్చుకోవడానికి విడిగా ఒక తెర చేసి ఇవ్వచ్చు కదా, ఈ బగ్ మీద ఆధారపడటమేంటి అన్నాడు. నిజమే, చేయొచ్చు. ఆవిడకి అలవాటైన దారిని ఇంకోసారి తవ్వే ధైర్యం నాకు లేదు సార్ అన్నాను.

సాయంత్రం అక్క మమ్మల్ని గదిలోంచి గెంటేసింది. తలుపు అవతల నేనూ బావా, కొత్త పెళ్ళికొడుకు కోసం చూసేవాళ్ళలా. లోపల్నించి నా గొంతు. "ఇల్లు." చాలా సేపు ఏమీ లేదు. "నిద్ర." ఇంకా చాలా సేపు. "ఆయన." తర్వాత కర్రతో నేలని కొట్టింది, రమ్మని.

వెళ్ళాం. అక్క బాణం నొక్కింది. రెండు నొక్కులకి ఒక మాట. మధ్యలో మొదటి తెర చప్పుడు లేకుండా వచ్చిపోతుంది.

"ఆయన. నిద్ర. ఇల్లు."

బావ నోరు తెరిచాడు. మొదటిసారి ఏమీ అనకుండా మూశాడు. తర్వాత, "నన్ను ఇంటికెళ్ళి పడుకోమంటోంది," అన్నాడు. "కింద పడుకుంటే నడుం పట్టేస్తోందని దీనికెలా తెలుసు? నేను చెప్పలేదే!" అక్క కర్ర కొనతో ఆయన నడుం మీద పొడిచి చూపించింది. సరిగ్గా నొప్పి ఉన్నచోటే. ఆయన గోడకి ఆనుకుని, చేతిలోని టూల్ బ్యాగు జారిపోయినా చూసుకోకుండా ఏడ్చాడు.

నేను కూడా.

ఫిబ్రవరి 15

ఈ రాత పుస్తకంలో ఆశ్చర్యార్థకాలు అంతగా పెట్టే అలవాటు లేదు నాకు. పెడితే ఈ పేజీ అంతా అవే. అక్క లోపలే ఉంది! మొత్తం ఉంది! గదిలో దీపం ఆరిపోయిందనుకుని మేం తాళం వేసుకుని వెళ్ళబోయాం.

ఫిబ్రవరి 16

పద్దెనిమిది కోసం పేర్చుకుంటోంది. రెండు రోజులుగా. ఏం పేరుస్తోందో వినకుండా బావనీ నన్నూ నడవ చివరిదాకా తరుముతోంది. గుమ్మం దాటబోతుంటే మొదటి నాలుగూ చెవిన పడ్డాయి. పాత పాటే, "కూర్చో, చాలు, పని, పిచ్చుక." చేతికి అలవాటు కోసం గీసుకునే గీతలు కాబోలు.

టాబ్లెట్ మళ్ళీ బరువెక్కుతోంది. తెరలు పోగుపడ్డా ఆగిపోకుండా ఉండేలా ఒక మార్పు చేసి ఉంచాను, పరీక్షించాను కూడా. కానీ అది పెట్టాలంటే యాప్ ఒకసారి మూయాలి. మూస్తే అక్క పేర్చినదంతా పోతుంది. పెట్టకపోతే ఎక్కడో ఒకచోట అదే ఆగిపోవచ్చు.

పెట్టను. బావ చేత ఒట్టు వేయించాను, దాని జోలికి వెళ్ళనని.

ఫిబ్రవరి 18, మంగళవారం

పెద్ద డాక్టరమ్మ, థెరపిస్ట్, మేం. డాక్టరమ్మ నిలబడే, ఫైలు తిరగేస్తూ, "ఎలా ఉన్నారండీ?" అంది, జవాబు కోసం కాదు. నేను టాబ్లెట్‌ని నిండు కుండలా రెండు చేతులతో పట్టుకుని తెచ్చి అక్క ముందు ఉంచాను.

అక్క బాణం నొక్కింది. ఏమీ రాలేదు. టాబ్లెట్ ఆలోచిస్తోంది. ఆగిపోయిందనే అనుకున్నాను. అప్పుడు వచ్చింది.

"డాక్టర్. కూర్చో."

డాక్టరమ్మ తల ఎత్తింది. ఎంతకీ కూర్చోకపోతే బావ ఆగగలడా, "అంటే డాక్టరుగారూ, మా ఆవిడ ఏమంటోందంటే, మీరు అలసిపోయారు కదా అని..."

అక్క ఆయన వైపు చూడనైనా చూడలేదు. బాణం. బాణం.

"ఆయన. మాట. చాలు."

థెరపిస్ట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను పకపకా నవ్వేశాను. బావ కూడా నవ్వాడు, తర్వాత ఆ నవ్వు ఆయన మొహం మీదే ఆగిపోయింది. ఎందుకంటే అది అప్పుడు నొక్కింది కాదు. రెండు రోజుల ముందు పేర్చింది. ఆయన ఎక్కడ అడ్డం వస్తాడో సరిగ్గా అక్కడ తొడిగి ఉంచింది. ఇరవై ఏళ్ళ కాపురం మాటల్లేకుండా కూడా తప్పు పోలేదు.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"డాక్టర్. లోపల. నేను."

డాక్టరమ్మకి తను ఆ రోజు అన్న మాట గుర్తొచ్చిందని ఆవిడ చెవులు ఎర్రబడటంలోనే తెలిసింది. అక్క ఆవిడని చూస్తోంది, కోపంగా కాదు. తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డ మనిషిలా.

"ఇల్లు. కావాలి."

అక్కడ ఆపింది. వేలు బాణం మీంచి తీసేసింది.

డాక్టరమ్మ ఫైలు మూసింది. "నాకు నమ్మాలనే ఉంది," అంది. "కానీ మీ చెల్లెలు యాప్‌లు రాసే మనిషి. ఇది ముందే ఎవరో పెట్టి ఉంచారని నన్ను పైవాళ్ళు అడిగితే?" నాకు ఒళ్ళు మండింది, కానీ ఆవిడ అడిగింది న్యాయమే. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని. "మీరిద్దరూ బయట ఉండండి. నేనొక ప్రశ్న అడుగుతాను."

బయట నేనూ బావా లిఫ్టు పక్కన నిలబడ్డాం. బావ అలవాటు కొద్దీ లిఫ్టు మీట నొక్కి చప్పుడు విని, "బేరింగ్ పోతోంది," అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

తలుపు సందులోంచి నా గొంతు. "కావాలి." ఆ తర్వాత ఎంత సేపో. నర్సు ట్రాలీ తోసుకుంటూ వెళ్ళి తిరిగి వచ్చింది. "పని." ... "నేను." ... "నిద్ర." ... "నిద్ర." ... "నిద్ర." ... "పైన."

నేను గోడకి తిరిగి, పెదాలు కదుపుతూ, తిప్పి చదువుకున్నాను. నాకంటే ముందు లోపల్నించి అదే వచ్చింది, ఈసారి గబగబా, ఒక్క గుంజుకి ఒక్కో పొర ఊడినట్టు.

"పైన. నిద్ర. నిద్ర. నిద్ర. నేను. పని. కావాలి."

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ కళ్ళజోడు చేతిలో ఉంది. "పైకి ఎందుకు వెళ్ళనంటున్నారు అని అడిగాను," అంది మాతో. "ఆవిడ చివరి నుంచి పేర్చారు. నా కళ్ళ ముందే. ఏడు మాటలు. వెనకనుంచి." కళ్ళజోడు పెట్టుకుంది. "నాకు రాదు అది. ఇంటికెళ్ళి ప్రయత్నిస్తాను కానీ, నాకు వస్తుందని అనుకోను." ఆవిడ వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, గది వైపు చేతులు జోడించింది.

రేపు బుధవారమే డిశ్చార్జి. ఇంటికి. థెరపిస్ట్ ఎగిరి గంతేసి, వెంటనే సర్దుకుని, మళ్ళీ గంతేసింది.

అదే రోజు, ఇంటికొచ్చాక

ఇది రాయకుండా పడుకోలేను.

అందరూ వెళ్ళిపోయారు. బావ సామాన్లకి సంచులు తేవడానికి వెళ్ళాడు. నాకు ఆనందంతో కాలు నిలవడంలేదు. చేసి ఉంచిన మార్పు గుర్తొచ్చింది. ఇక భయం లేదు కదా, చెప్పాల్సింది చెప్పేసింది, ఇప్పుడు పెట్టేస్తే సరి. "ఇటివ్వవే, పది నిమిషాల్లో బాగుచేసి ఇస్తాను," అని టాబ్లెట్ మీద చెయ్యి వేశాను.

చెయ్యి మీద ఫట్టున కొట్టింది.

టాబ్లెట్ ఒళ్ళోకి లాక్కుంది. నన్ను చూసింది. బాణం మీద వేలు పెట్టింది, ఆ మొదటివారం నేను ఫోన్ మోగిందని వెళ్ళిపోయినప్పుడు పెట్టినట్టే. డాక్టరు కోసం పేర్చిన దొంతర కింద ఇంకొకటి మిగిలే ఉంది. వాటన్నిటికంటే ముందు తొడిగింది. ఒంటికి తగిలేది.

"పిచ్చుక."

నా గొంతే. నన్నే పిలుస్తోంది. ఫోన్లో బావ కూడా పోల్చుకోలేని ఆ గొంతు.

"పని. చాలు."

అప్పుడు తెలిసింది. కూర్చో, చాలు, పని, పిచ్చుక. ఆరో తారీఖు నుంచీ, నేను చెప్పులు విడుస్తుంటే, ఫోన్ చూసుకుంటుంటే, ఛార్జరు సర్దుతుంటే, ఎన్నిసార్లు విన్నానో. తలా తోకా లేదన్నాను. చేతికి అలవాటు అన్నాను. బావ మూసేస్తే, నేను చెరిపేస్తే, ప్రతిరోజూ ముందు అదే పేర్చి, మిగతా ప్రపంచానికి చెప్పాల్సిందంతా దాని మీద పేర్చింది. విప్పుకుంటూ ఇక్కడిదాకా వచ్చేలోపే నేను ప్రతిసారీ వెళ్ళిపోయాను.

ఆఖరి మాట ఏమిటో నాకు తెలుసు. అయినా అక్క నొక్కేదాకా ఆగాను.

"కూర్చో."

మంచం అంచున కాదు, లోపలికి జరిగి, కాళ్ళు పైన పెట్టుకుని, అక్క పక్కన కూర్చున్నాను. నా భుజానికి తన తల ఆనింది. తన ఎడమచెయ్యి నా చేతిలో పెట్టింది. రెండు నెలల్లో మొదటిసారి నేనేమీ బాగుచేయలేదు. ఫోన్ ఎక్కడో మోగి ఆగిపోయింది.

అక్క ఇంకోసారి బాణం నొక్కింది. మొదటి తెర వచ్చింది, ఇరవై నాలుగు బొమ్మలు. మళ్ళీ నొక్కింది. యాప్ మూసుకుపోయింది. కింద ఇంకేమీ లేదు.

బావ సంచులతో వచ్చి లైటు వేసేదాకా అలాగే కూర్చున్నాం.